శాడిల్ బ్యాగులు కట్టే ఇంటర్‌సెప్టర్‌కి ఏ సైలెన్సర్? మా షెడ్డుకొచ్చిన ఒక కేసు

బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650. నడిపేది ఏలూరు వైపు ప్రభుత్వ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారు, వెనక కూర్చునేది ఆయన భార్య. సెలవులొస్తే చాలు, ఇద్దరూ బండికి రెండు వైపులా వేలాడే శాడిల్ బ్యాగులు కట్టుకుని మారేడుమిల్లికో అరకుకో శ్రీశైలానికో బయల్దేరతారు. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు ఆయన వచ్చింది సైలెన్సర్ మార్పించుకోవడానికి కాదు. కాలిపోయిన బ్యాగు అడుగున రేకు ఏదైనా కొట్టిస్తారా అని అడగడానికి.

బ్యాగును బల్ల మీద పెట్టి చూశాం. కుడి బ్యాగు అడుగున, చక్రం వైపు మూలలో నైలాన్ గుడ్డ ముడుచుకుపోయి గట్టి పెచ్చు కట్టింది. దాని మధ్యలో నిమ్మకాయ పట్టేంత కన్నం. లోపలి వాటర్‌ప్రూఫ్ పూత పొరలుగా లేచిపోయింది. కిందకి కట్టే పట్టీ కొస కరిగి నల్లగా గడ్డకట్టింది. బండి దగ్గరికెళ్లి సైలెన్సర్ మూతి మీద గోటితో గీరితే గోధుమరంగు పెంకు ఒకటి ఊడొచ్చింది. కరిగిన పట్టీలో మిగతా సగం అదే. ఎడమ బ్యాగుకు కన్నం పడలేదు గానీ సరిగ్గా అదే చోట గుడ్డ మెరుపెక్కి బిర్రబిగిసింది. ఇంకో ఘాట్ ఎక్కితే దానికీ అదే గతి పట్టేది.

"రేకు కొట్టేస్తే సరిపోతుందా అబ్బాయ్?" అన్నారు మాస్టారు.

"బ్యాగు సంగతి తర్వాత మాస్టారూ, ముందు ఆ వేడి ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దాం" అన్నాను.

కాలడానికి కారణం

కొన్ని నెలల కిందట ఆయన వేరే షాపులో పొట్టి సైలెన్సర్లు వేయించుకున్నారు. అందుకు కారణం సబబైనదే. బండి ఒకసారి ఎడమవైపు పడి స్టాక్ సైలెన్సర్, అంటే కంపెనీ బిగించి ఇచ్చినది, సొట్టపోయింది. ఎలాగూ ఒకటి మార్చాలి కదా, తేలికపాటివి రెండూ వేసేస్తే పార్కింగ్‌లో బండి తిప్పుకోవడం సుఖంగా ఉంటుందనుకున్నారు. ఇంటర్‌సెప్టర్ రెండు వందల కిలోల పైనే ఉంటుంది, యాభై దాటిన మనిషికి ఆ ఆలోచన రావడం సహజం. ఆ షాపులో స్టాక్ జతను ఎక్స్ఛేంజ్ కింద ఉంచేసుకున్నారు. బిగించేటప్పుడు బండికి బ్యాగుల్లేవు. "మీరు లగేజీ కడతారా?" అని అడిగినవాళ్లూ లేరు.

ఇంటర్‌సెప్టర్ స్టాక్ సైలెన్సర్లు పొడుగ్గా, వెనక చక్రం ఇరుసైన యాక్సిల్‌ను దాటి పోతాయి. బ్యాగు వాటికి పైన వేలాడినా మూతి మాత్రం బ్యాగు వెనక తెరుచుకుంటుంది కాబట్టి పొగ దాని దారిన అది పోతుంది. పొట్టి సైలెన్సర్ మూతి యాక్సిల్ కంటే ముందే ఆగిపోయింది. పైగా అందం కోసం కొంచెం పైకి ఎత్తి బిగించారు. ఖాళీ బండిని పక్కనుంచి చూస్తే బాగానే ఉంది. బ్యాగు తగిలించి చూస్తే మూతి సూటిగా బ్యాగు అడుగుకు గురిపెట్టినట్టుంది. ఆ తేడా చూపించగానే మాస్టారికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

వేడి గురించి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది "నా బ్యాగు వాటర్‌ప్రూఫ్, గట్టిది" అని ధీమాగా ఉంటారు. శాడిల్ బ్యాగుల్లో వాడే నైలాన్ దాని రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతుంది. పాలిస్టర్ 250 దాటాక. కానీ పట్టీలు, అంచు పైపింగ్ చాలా బ్యాగుల్లో పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. అది 160 దాటగానే కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడి సాగిపోతుంది. అందుకే ముందు పోయేది ఎప్పుడూ పట్టీయే. పట్టీ సాగితే బ్యాగు కిందకి జారుతుంది, జారితే సైలెన్సర్‌కి ఇంకా దగ్గరవుతుంది. మాస్టారి బ్యాగు కాలిన క్రమం సరిగ్గా ఇదే.

ఇది హైవే మీద జరగలేదు, మారేడుమిల్లి ఘాట్‌లో జరిగింది. హైవే మీద తొంభైలో పోతుంటే గాలి వేడిని ఊడ్చేస్తుంది. ఘాట్‌లో ఇద్దరు మనుషులు, నిండు బ్యాగులు, ఫస్ట్ సెకండ్ గేర్లలో ఎక్కుడు. ఇంజన్ మీద లోడు ఎక్కువ, బండి స్పీడు ఇరవై ముప్పై. పొగ వేడిగా వస్తుంది, దాన్ని చల్లార్చే గాలి ఉండదు. కాబట్టి టూరింగ్ బండికి సైలెన్సర్ సరిపోయిందా లేదా అన్నది హైవే మీద తేలదు. ఘాట్‌లోనో, మే నెలలో బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లోనో తేలుతుంది.

మా ముందున్న దారులు

అన్నిటికంటే సులువైనది, నేను ముందుగా చెప్పింది: స్టాక్ జత మళ్లీ వేసుకోవడం. సెకండ్ హ్యాండ్‌లో ఈ బండి స్టాక్ సైలెన్సర్లు కొత్తవాటిలాంటివే దొరుకుతాయి. షోరూంలోంచి తెచ్చిన వారానికే ఊడదీసేవాళ్లు చాలామంది కదా. ఒక జత తెప్పించి బిగించి, బ్యాగులు కట్టి, కొలతలన్నీ తీసుకున్నాం. తర్వాత ఏది వేసినా వీటితోనే పోల్చి చూడాలని. స్టాక్ బాగున్న బండికి దాన్ని మార్చాల్సిన అవసరం లేదని నా గట్టి నమ్మకం. కానీ మాస్టారికి బరువు సమస్య నిజమైనది. ఇంట్లోంచి రోడ్డుకు ర్యాంపు ఎక్కించడానికి ఆయన పడే అవస్థ వాళ్ల ఇంటికెళ్లినప్పుడు చూశాను.

రెండో దారి టూ-ఇన్‌టు-వన్. రెండు సిలిండర్ల పైపులూ కింద కలిపి కుడివైపు ఒక్క సైలెన్సర్‌కే తెచ్చే సెట్టు. బరువు బాగా తగ్గుతుంది, ఎడమ బ్యాగుకు వేడి బాధే ఉండదు. మాస్టారికి ఇది తెగ నచ్చింది, నేను వద్దన్నాను. ఈ బండిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్), ఇంజన్ నుంచి వంగి వచ్చే బెండ్ పైపుల వైపే ఉంటుంది. ఫుల్ సెట్టు వేస్తే అది పోతుంది. పొగలో కాలని పెట్రోలు వాసన పెరుగుతుంది, ఆ వాసన రోజంతా పీల్చేది వెనక కూర్చున్నవాళ్లు. ఇంజన్‌కి పెట్రోలు ఎంత పోవాలో చెప్పే మ్యాపింగ్ కూడా ముట్టుకోవాల్సి వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, చాలా టూ-ఇన్‌టు-వన్ సెట్లకు మెయిన్ స్టాండ్ అడ్డం వస్తుంది, తీసేయమంటారు. మాస్టారి బండికి స్పోక్ వీల్స్, ట్యూబ్ టైర్లు. చింతూరు అడవిలో వెనక టైరు పంచరైతే చక్రం ఊడదీయాలి. మెయిన్ స్టాండ్ లేకుండా లగేజీ బండి వెనక చక్రం ఎలా లేపుతారు? ఆ ఒక్క ప్రశ్నతో అది పక్కకు పోయింది.

మూడోది, ఉన్న పొట్టి సైలెన్సర్లకే ఒక ముక్క అతికించి మూతి వెనక్కి పొడిగించడం. ఆటోనగర్‌లో అరపూట పని, ఖర్చూ తక్కువ. బ్యాగు కాలదు. కానీ సౌండు అలాగే ఉంటుంది. పైగా అతికిన ముక్క బరువు, ఊపు మొత్తం ఒక్క బ్రాకెట్ మీద పడి కొన్నాళ్లకు వెల్డింగ్ దగ్గర చీలిక వస్తుంది. దూరప్రయాణం చేసే బండికి అలాంటి పని నా చేత్తో చేయను.

ఇక మిగిలింది నాలుగోది. స్టాక్ అంత కాకపోయినా దాదాపు అంత పొడుగున్న స్లిప్-ఆన్ జత. బెండ్ పైపులు, ఆక్సిజన్ సెన్సర్లు, క్యాట్ అన్నీ ఉన్నచోటే ఉంటాయి. వెనక డబ్బాలు రెండే మారతాయి. చివరికి అటే మొగ్గాం.

స్లిప్-ఆన్‌లో ఏం చూశాం

సైలెన్సర్ అమ్మేచోట అందరూ యాక్సిలరేటర్ తిప్పి సౌండు వింటారు. నేను ముందు టార్చి వేసి మూతిలోంచి లోపలికి చూస్తాను. మధ్యలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ వూల్ ఉండాలి. చౌక నకిలీల్లో చిల్లుల గొట్టం రెండు చివర్లా చుక్క వెల్డింగుతో నిలబడి ఉంటుంది, వూల్ పలచగా చుట్టి వదిలేస్తారు. కొన్ని వేల కిలోమీటర్లలో పొగ ఆ వూల్‌ను ఎగదోసేస్తుంది. అప్పుడు సౌండు పెరగడమే కాదు, బయటి డబ్బా నేరుగా వేడెక్కుతుంది. వూల్ సౌండునే కాదు, వేడినీ ఆపుతుందన్న మాట. మాస్టారి పొట్టి జతను కోసి చూస్తే ఒకదానిలో వూల్ సగానికి పైగా ఖాళీ.

రెండోది, వెనక మూత రివెట్లతో ఉందా బోల్టులతో ఉందా అన్నది. బోల్టులైతే కొన్నాళ్లకు వూల్ మళ్లీ నింపుకోవచ్చు. రివెట్లైతే డ్రిల్లింగు పెట్టాలి, చేయొచ్చు గానీ శ్రమ.

మూడోది లోహం. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుంటాను. 304 గ్రేడు స్టెయిన్‌లెస్ అయితే అయస్కాంతం దాదాపు పట్టదు. పట్టిందంటే 409 లాంటి రకమో, లేక ఉత్త ఇనుము మీద క్రోమ్ పూతో అయ్యుంటుంది. 409 చెడ్డదేమీ కాదు, సైలెన్సర్లలో బాగానే వాడతారు, కాకపోతే పైపైన తుప్పు రంగు వస్తుంది. క్రోమ్ పూతను 304 అని అమ్మితే మాత్రం అది మోసం. కార్బన్ ఫైబర్ తొడుగు ఉన్నవి మేం చూడనేలేదు. కార్బన్‌ను కలిపి ఉంచే రెసిన్‌కి వేడి పడదు. బ్యాగు కింద గాలాడని చోట అది ఎక్కువ కాలం నిలవదని నా అభిప్రాయం.

నాలుగోది డీబీ కిల్లర్, అంటే మూతిలో పెట్టే బఫిల్. స్క్రూతో ఊడొచ్చేదైతే ఏదో ఒక రోజు ఊడొస్తుంది, కావాలని తీసినా తీయకపోయినా. మేం ఎంచుకున్న జతలో స్క్రూ ఉంది. మాస్టారి అనుమతితో లోపల చిన్న వెల్డు చుక్క పెట్టి దాన్ని కదలకుండా చేశాం.

పవరు గురించి ఒక్క మాట. బెండ్ పైపు అలాగే ఉంచి వెనక డబ్బా మారిస్తే ఈ ఇంజన్‌లో సీట్లో కూర్చుని గుర్తుపట్టేంత తేడా రాదు. 648 సీసీ, 47 బీహెచ్‌పీ, 52 న్యూటన్ మీటర్ల టార్క్, అందులో ఎనభై శాతం 2,500 ఆర్‌పీఎం దగ్గరే అందుతుందని కంపెనీ చెప్తుంది. లగేజీ బండికి కావల్సింది ఆ కింది టార్కే. పైపును మరీ వెడల్పు చేసి దాన్ని పోగొట్టుకోకపోతే చాలు.

కొలతలు ఎలా తీశాం

సైలెన్సర్, బ్యాగు రెండూ ఫ్రేముకే వేలాడతాయి. కాబట్టి గుంత పడినప్పుడు వాటి మధ్య దూరం షాకబ్జర్ల వల్ల మారదు. మారేదల్లా మెత్తటి బ్యాగు ఊగడం వల్ల, సామాను కుదించుకుని కిందకి దిగడం వల్ల. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్, యాక్సిల్, చెయిన్ మాత్రం పైకీ కిందకీ కదులుతాయి. ఈ బండికి వెనక ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందకీ కదిలే దూరం, 88 మిల్లీమీటర్లు. కాబట్టి రెండు దూరాలు విడివిడిగా చూడాలి: బ్యాగుకీ సైలెన్సర్‌కీ మధ్య ఒకటి, సైలెన్సర్‌కీ స్వింగ్ ఆర్మ్‌కీ మధ్య ఇంకొకటి. రెండోది చూడ్డానికి మాస్టారిని, అమ్మగారిని ఇద్దరినీ బండి మీద కూర్చోబెట్టి, నిండు బ్యాగులతో గట్టిగా కిందకి నొక్కి చూశాం. పొట్టి సైలెన్సర్ బ్రాకెట్ మీద అప్పటికే స్వింగ్ ఆర్మ్ ఒరుసుకున్న గీత ఉంది.

బ్యాగు ఊపు తెలుసుకోవడానికి నేను వాడేది సుద్దముక్క. సైలెన్సర్ పైభాగమంతా తెల్లగా రుద్ది, సామాను నింపిన బ్యాగులతో గతుకుల రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెస్తాం. బ్యాగు అడుగున తెల్ల మరక ఉంటే తగిలినట్టే. స్టాక్ జతతో కూడా కుడి బ్యాగుకు మరక అంటింది! అంటే తప్పు మొత్తం పొట్టి సైలెన్సర్‌ది కాదు. బ్యాగులు అసలు కిందకి వేలాడుతున్నాయి. సీటు మీదుగా వెళ్లే పట్టీలను బిగించి బ్యాగుల్ని పైకి లేపాం. లోపలికి ఊగకుండా రెండు వైపులా శాడిల్ స్టేలు, అంటే బ్యాగు ఆనుకునే కడ్డీలు, బిగించాం. మళ్లీ సుద్ద రాసి తిప్పితే మరక లేదు. బ్యాగుకీ సైలెన్సర్‌కీ మధ్య ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు వేళ్లు, నిండు లగేజీతో మూడు వేళ్లు దూరాల్సిందేనన్నది నేను పెట్టుకున్న లెక్క.

ఇక వేడి. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఇప్పుడు చాలా షెడ్లలో ఉంది గానీ, మెరిసే స్టీలు మీద పెడితే అది ఉన్నదానికంటే చాలా తక్కువ చూపిస్తుంది. మెరుపున్న లోహం తన వేడిని కిరణాలుగా తక్కువ వదులుతుంది, గన్ చదివేది ఆ కిరణాలనే. "నా సైలెన్సర్ ఎనభై డిగ్రీలే ఉంది" అని గన్ చూపించి నమ్మినవాళ్లను చూశాను. సైలెన్సర్ మీద రూపాయి బిళ్లంత చోట వేడికి ఆగే మ్యాట్ నలుపు పెయింటు వేసి, అక్కడే కొలవాలి. అలా కొలిస్తే ట్రాఫిక్‌లో తిరిగొచ్చిన పొట్టి సైలెన్సర్ మూతి దగ్గర 180 డిగ్రీల పైన చూపించింది. కొత్త పొడుగు జతకు, అదే దారిలో తిరిగొచ్చాక, బ్యాగు కింద పడే చోట 120 లోపే ఉంది. పొగ ఎక్కువ దూరం ప్రయాణిస్తే ఎక్కువ చల్లబడుతుంది, వూల్ నిండుగా ఉంటే డబ్బాకు వేడి తక్కువ చేరుతుంది. ఫిజిక్స్ మాస్టారు కాబట్టి ఈ ముక్క ఆయనే మా కుర్రాళ్లకు వివరించారు, చాలా చక్కగా.

ఆఖరి పరీక్ష యాక్సిల్. సైలెన్సర్ బిగించి ఉండగానే వెనక యాక్సిల్ రాడ్డు బయటికి లాగగలమా? లేకపోతే దారిలో పంచరైన ప్రతిసారీ వేడి సైలెన్సర్ ఊడదీయాలి. ఎంచుకున్న జతతో రాడ్డు సాఫీగా వచ్చింది. చెయిన్ అడ్జస్టర్‌కి స్పానర్ అందింది.

సౌండు

ఇది చివర పెట్టాను, ఎందుకంటే చివర చూడాల్సిందే ఇది. కానీ తేలిగ్గా తీసుకోవాల్సింది మాత్రం కాదు.

పొట్టి సైలెన్సర్లు వేశాక అమ్మగారికి ప్రతి ప్రయాణం తర్వాత తలనొప్పి. "ఎండ వల్లేమో అనుకున్నాం బాబూ" అన్నారు ఆవిడ. హైవే మీద ఈ ఇంజన్ 4,000 ఆర్‌పీఎం చుట్టుపక్కల తిరుగుతుంటుంది. ఫోర్ స్ట్రోక్ రెండు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకి సగటున ఒక పేలుడు. అంటే సెకనుకు దాదాపు 67. అరవై డెబ్భై హెర్ట్జ్‌ల ఆ లోతైన హోరు హెల్మెట్‌కి ఆగదు, ఇయర్ ప్లగ్గులు కూడా కీచు శబ్దాన్ని ఆపినంత బాగా దాన్ని ఆపలేవు. ఒక కిలోమీటరు పాటు వింటే గుండె ఉప్పొంగుతుంది. ఐదారు గంటలు వింటే మనిషి అలిసిపోతాడు. నడిపే మనిషి ముందుంటాడు, మూతులకు దగ్గరగా కూర్చునేది వెనకున్నవాళ్లు. అందుకే సౌండు ఎంపికలో ఆఖరి మాట అమ్మగారిదని మాస్టారితో ముందే ఒప్పించాను. ఆయన వెంటనే సరేనన్నారు.

చట్టం సంగతి కూడా సూటిగా చెప్పాలి. 175 సీసీ దాటిన మోటార్ సైకిళ్లకు తయారీ స్థాయిలో శబ్ద పరిమితి 80 డెసిబెల్స్, బండి పక్కనుంచి వెళ్తుండగా 7.5 మీటర్ల దూరంలో కొలిచే పద్ధతిలో. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కూడా మూడు నెలలు పోతుంది. కంపెనీ ఇచ్చిన అసలు రూపం మార్చడాన్ని సెక్షన్ 52 ఒప్పుకోదు. విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లను రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు అందరూ చూసే ఉంటారు. సైలెన్సర్ మీద యూరప్ ఈ-మార్కు ఉందంటే నాణ్యతకు అదో గుర్తే గానీ, మన రోడ్డు మీద అది అనుమతి పత్రం కాదు. ఇన్సూరెన్సు క్లెయిములో కూడా మార్పిడి గురించి ప్రశ్న రావచ్చు. ఇవన్నీ మాస్టారికి చెప్పాను, అవి విన్నాకే ఆయన నిర్ణయం తీసుకున్నారు. సెకండ్ హ్యాండ్ స్టాక్ జతను ఆయనే కొనుక్కుని ఇంట్లో పెట్టుకున్నారు.

మా షెడ్డు ముందు ఖాళీ స్థలంలో ఒకే చోట, ఒకే దూరంలో, ఒకే ఆర్‌పీఎంలో మీటరు పెట్టి పోల్చి చూశాం. బఫిల్ ఉన్న కొత్త జతకు స్టాక్ కంటే రెండు మూడు డెసిబెల్స్ ఎక్కువొచ్చింది. పొట్టి జతకు పది దాటింది. పది డెసిబెల్స్ అంటే చెవికి ఇంచుమించు రెట్టింపు సౌండు. ఇది ల్యాబు పరీక్ష కాదు, పోలిక కోసం మాత్రమే. ఆ రెండు మూడు డెసిబెల్స్ కూడా లేకుండా ఉంటే నాకు ఇంకా నచ్చేది.

ఇంకో మాట. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే దారి టైగర్ రిజర్వులోంచి పోతుంది. రాత్రిపూట బళ్లే ఆపేసే అడవి అది. అలాంటి చోటికి ఇష్టంగా వెళ్లేవాళ్లు అక్కడి జంతువులను బెదరగొట్టే సైలెన్సర్ పెట్టుకోకూడదని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

బిగింపు

బెండ్ పైపుకి సైలెన్సర్ కలిసే చోట కొత్త ప్యాకింగ్ వేశాం. పాతది మళ్లీ వాడితే అక్కడ సన్నగా లీకవుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయటి గాలి లోపలికి పోయి టపటపా పేలుతుంది. ఆ టపటపని "రిచ్ మిక్స్చర్", అంటే పెట్రోలు ఎక్కువ పోతోందని, అనుకుని ఇంజెక్షన్ మీద చేయి పెట్టేవాళ్లున్నారు. చాలాసార్లు జాయింటు బిగిస్తే పోతుంది. క్లాంపు ముందు బిగించకూడదు. సైలెన్సర్‌ను వెనక ఫుట్‌రెస్ట్ దగ్గరి బ్రాకెట్‌కి వదులుగా వేలాడదీసి, ఎటూ లాక్కోకుండా కూర్చున్నాక ముందు బ్రాకెట్, తర్వాత క్లాంపు. బలవంతంగా లాగి బిగించిన సైలెన్సర్ ఎప్పుడో ఒకప్పుడు బ్రాకెట్ దగ్గర చీలుతుంది. స్టార్ట్ చేసే ముందు స్టీలు మీది వేలిముద్రలన్నీ స్పిరిట్‌తో తుడిచాం. లేకపోతే మొదటి వేడికే అవి శాశ్వతంగా ముద్ర పడిపోతాయి.

మాస్టారు అడిగిన రేకు కూడా చివరికి వేశాం, అయితే బ్యాగుకు కాదు. అల్యూమినియం రేకును సైలెన్సర్‌కి దాదాపు సెంటీమీటరు ఎడంగా, కింద స్పేసర్లు పెట్టి నిలబెట్టాం. వేడిని ఆపేది ఆ రేకు కంటే ఎక్కువగా మధ్యలో కదిలే గాలి. బ్యాగు అడుగునే రేకు కుడితే వేడి రేకు గుడ్డకే అంటుకుని ఉండేది. కొందరు సైలెన్సర్ చుట్టూ హీట్ ర్యాప్ గుడ్డ చుడతారు. వానలో అది నీళ్లు పీల్చుకుని లోపల తుప్పు పట్టిస్తుంది. మన వర్షాలకు అది వద్దు.

తూకం వేస్తే స్టాక్ జత కంటే ఐదు కిలోల పైచిలుకు తగ్గింది. సామాను సర్దుడు కూడా కొంచెం మార్చాం. మందులు, కెమెరా బ్యాటరీలు, నెయ్యి సీసా ట్యాంక్ బ్యాగులోకి. శాడిల్ బ్యాగుల అడుగున బట్టలు, వానకోట్లు. వేడి కొద్దిగా తగిలినా చెడిపోనివి.

ఘాట్‌లో

రాజమహేంద్రవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. బ్యాగు కాలిన దారిలోనే, నిండు లగేజీతో. నేను వెనక ఇంకో బండి మీద. బయల్దేరే ముందు రెండు బ్యాగుల అడుగునా పాలీప్రొపిలీన్ ప్యాకింగ్ పట్టీ ముక్క ఒకటి వేలాడేలా కట్టాను. బ్యాగు కంటే ముందు అది మెత్తబడాలి. ఘాట్ పైన ఆపి చూస్తే పట్టీ ముక్కలు రెండూ బిరుసుగా ఉన్నాయి. రేకు మీద చేయి ఆన్చి ఉంచలేం గానీ తాకి చూడగలిగాం. బ్యాగు అడుగు గోరువెచ్చగా ఉంది. ఎడమ బ్యాగు వెనక అంచున సన్నగా మసి కనిపించింది. మనుషులు, బ్యాగుల వెనక గాలి ఖాళీ ఏర్పడి పొగను కొంత వెనక్కి పీల్చుకుంటుంది, దాని గుర్తు అది. తిరిగొచ్చాక ఎడమ మూతి కొసను కాస్త బయటికి తిప్పి బిగించాం, మసి తగ్గింది.

అమ్మగారిని తలనొప్పి ఉందా అని అడిగాను. "లేదు. దారంతా ఈయనతో మాట్లాడుతూనే వచ్చాను" అన్నారు.

ఇతర బళ్లవాళ్లకు ఇందులో కొంత పనికొస్తుంది, కొంత రాదు. హిమాలయన్ 411 లాంటి వాటికి సైలెన్సర్ కుడివైపే, అదీ పైకి ఎత్తి ఉంటుంది. అక్కడ కుడి బ్యాగును ఎడమదానికంటే పైకి, బయటికి పెట్టాలి, బరువు సామాను ఎడమకు వేయాలి. అల్యూమినియం పెట్టెలు కట్టేవాళ్లకు గుడ్డ కాలే భయం లేదు. కానీ పెట్టె అడుగు, లోపలి సామాను వేడెక్కుతాయి. మూతి ఎక్కడ తెరుచుకుంటుందన్న ప్రశ్న వాళ్లకూ తప్పదు. ఏ బండైనా సైలెన్సర్ కొనడానికి వెళ్లేటప్పుడు బ్యాగులు నింపి, కట్టుకుని, వెనక కూర్చునే మనిషిని కూడా తీసుకెళ్లండి. షాపువాళ్లు ఆ లోడుతో బిగించి చూపించడానికి ఒప్పుకోకపోతే వేరే షాపు చూసుకోండి.

మాస్టారి బండికి మొదటి కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత క్లాంపులు, బ్రాకెట్ బోల్టులు మళ్లీ బిగించాం. వేడెక్కి చల్లారే కొద్దీ అవి కొంచెం వదులవుతాయి. ప్రతి సర్వీసుకూ వెనక మూత బోల్టులు తీసి గ్లాస్ వూల్ చూడాలని, అదే చోట మీటరు పెట్టి సౌండు మళ్లీ కొలవాలని అనుకున్నాం. అంకె ఎప్పుడు పెరిగితే అప్పుడు వూల్ మార్చాలి.